ఎనిమిది మడతల పారాచూట్

పిట్టకి రాకెట్టు కావాలి. తారాజువ్వ కాదు. అట్టగొట్టానికి రెక్కలు అతికించి, అడుగున వేలెడంత ఇంజను దూర్చి, దూరంగా నిలబడి మీట నొక్కితే ఆకాశానికి ఎగిరి మళ్లీ దిగివచ్చే బొమ్మ రాకెట్టు. బడిలో సైన్సు టీచరు అలాంటిదొకటి ఎగరేసి చూపించిన రోజు నుంచి ఆ పదేళ్ల పిల్ల నోట వేరే మాట లేదు. తల్లిని అడిగితే ఒక చూపు చూసి ఊరుకుంది. అందుకని మేనమామని అడిగింది.

ఇంకెవరిని అడిగినా బాగుండేది.

మేనమామది ఇస్త్రీ దుకాణం, తండ్రి పెట్టింది. అక్కా తమ్ముడూ ఇద్దరూ ఆ బల్ల కింద పాకి, ఆ బల్ల పక్కన నిలబడి మడతలు నేర్చుకున్నవాళ్లే. అక్క పెళ్లయ్యాక ఆ పని వదిలి ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అతను మాత్రం బల్లని అంటిపెట్టుకునే ఉండిపోయాడు. అతను మడిచిన చొక్కా వారం రోజులు పెట్టెలో పొర్లినా మడత చెదరదని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాళ్లని తనే పిలిచి మరీ చూపిస్తాడు.

మడతల సంగతి అలా ఉంచితే, ఆయన జాగ్రత్తలు ఆయనవి. తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూస్తాడు. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూసి, ఎందుకైనా మంచిదని మళ్లీ అటు చూస్తాడు. నలుగురూ నవ్వుతారు. నవ్వులాటే అయితే నేనీ కథ చెప్పేవాణ్ని కాదు.

ఆరేళ్ల క్రితం, పిట్టకి నాలుగేళ్లప్పుడు, రోజూ మధ్యాహ్నాలు దుకాణంలోనే ఆడుకునేది. కాలే ఇస్త్రీపెట్టె దగ్గరికి ఎక్కడ వస్తుందోనని మేనమామకి బెంగ. బల్లకీ గోడకీ మధ్య సందులో ఒక సాగే తాడు కట్టాడు, స్కూటరు వెనక సామాన్లు బిగించడానికి రెండు కొసలా ఇనప కొక్కేలుంటాయే, అది. వదులైతే పిల్ల దూరిపోతుందని బాగా లాగి బిగించాడు. పిల్ల దాన్ని పట్టుకుని ఊగింది. కొక్కెం ఊడి వచ్చి కుడి కంట్లో దిగింది.

ఆసుపత్రి వరండాలో చుట్టాలావిడ ఒకతె, ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు అని సామెత చదివింది. అక్క ఆవిడతో ఆ తర్వాత మాట్లాడలేదు. తమ్ముడితో మాట్లాడింది. మునుపటిలాగే అన్నం తిన్నావా అని అడిగింది, పని ఎలా ఉందని అడిగింది. ఆ తాడు ఊసు మాత్రం ఆరేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండునని అతను ఏడ్చిన రోజులున్నాయి.

"మీ అమ్మ సరేనంటేనే కొంటాను," అన్నాడు పిట్టతో, అక్క అననే అనదని ధైర్యం.

అక్క అంది.

"ఎన్నాళ్లని దాచిపెడతాం? దాని తోటిపిల్లలు అన్నీ చేస్తున్నారు. కొను. నేనూ వస్తాను చూడటానికి," అంది. "దానికి మిగిలింది ఒక్కటే కన్నురా. గుర్తుంది కదా."

"అది గుర్తు లేకుండా ఒక్క పూటన్నా ఉన్నానా అక్కా," అన్నాడు.

బొమ్మ విమానాలు, జిగురు సీసాలు, పలచటి చెక్కముక్కలు అమ్మే దుకాణం ఒకటుంది ఊళ్లో. దుకాణావిడ వేళ్ల కొసలకి ఎండిన జిగురు పొరలుగా అంటుకుని ఉంది. కొత్తవాళ్లకి పనికొచ్చే రాకెట్టు కావాలని అతను అనగానే మూడు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టింది. అతను పెట్టెల మీది బొమ్మలు చూడలేదు.

"ఇవి కిందికి ఎలా వస్తాయండీ?"

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "అందరూ ఎంత ఎత్తుకి పోతుందని అడుగుతారు. మీరొక్కరే ఇలా అడిగింది."

ఓపిగ్గా చెప్పింది. పైకి వెళ్లాక ఇంజను ఇంకోసారి చిన్నగా పేలుతుంది. ఆ ఊపుకి ముక్కు ఊడి, లోపల మడిచి పెట్టింది బయటికొస్తుంది. పెద్ద పెట్టె సంగతి వదిలేయమంది, అది చెయ్యి తిరిగినవాళ్లకి. చిన్న పెట్టెలోది బొటనవేలంత లావు గొట్టం, దానికి ఒక రిబ్బను. అది రెపరెపలాడుతూ పడుతుంది.

"మొదటిసారి కొనేవాళ్లకి నేనిదే ఇస్తాను. బరువే లేదు దీనికి, నెత్తిన పడ్డా తెలీదు. రెక్కలు కూడా అతికించే వస్తాయి. పాడవడానికి ఇందులో ఏమీ లేదు."

అతను ఆ రిబ్బను పట్టుకుని లాగి చూశాడు. అరచేతి వెడల్పు లేదు. దీన్ని నమ్ముకునా పిట్టని ఆకాశం కింద నిలబెట్టేది?

"మధ్యదాంట్లో ఏముంది?"

"పారాచూట్. నిదానంగా దిగుతుంది, చూడ్డానికి బావుంటుంది. కాకపోతే గొట్టం లావు, కోడిగుడ్డంత బరువుంటుంది. పారాచూట్ తెరుచుకుంటేనే నిదానం, లేకపోతే రాయే. ఆ మడత దగ్గరే కొత్తవాళ్లు తప్పు చేస్తారు, అందుకే ముందు రిబ్బనుది తీసుకోమంటాను."

అక్కడ అతను నవ్వాడు. ఇంటి నుంచి బయల్దేరాక నవ్వడం అదే మొదలు.

"మడత గురించి బెంగ లేదండి. అది మా కులవృత్తి అనుకోండి, మా నాన్న నేర్పిన పని. ఇదే ఇవ్వండి."

దుకాణావిడ ఇంకోసారి చిన్న పెట్టెని ముందుకు జరిపింది. అతను మధ్య పెట్టెని చంకలో పెట్టుకున్నాడు. కొనేవాడికి అంతకంటే ఎవరు చెప్పగలరు? పెట్టెలో కాగితం ఉంది, తప్పకుండా చదవమని చెప్పి పంపింది.

చదివాడు. నాలుగుసార్లు చదివాడు. అక్క ఇంట్లో వంటగది పక్క బల్ల మీద, మూడు సాయంత్రాలు మేనమామా మేనకోడలూ కూర్చుని రాకెట్టు కట్టారు. పిట్ట జిగురు రాయబోతే చుక్క రెక్క మీద పడకుండా వేలెడు ఇవతల బల్ల మీద పడేది. ఒంటి కన్నుకి దగ్గరా దూరం తెలియదు. గ్లాసులో నీళ్లు పోసినా అంతే, పక్కన పోసేది. అలవాటైన పిల్ల కాబట్టి, తిట్టుకోకుండా తుడిచి మళ్లీ మొదలుపెట్టేది. అతనే తల తిప్పుకునేవాడు.

"కిందికొచ్చేటప్పుడు నేను పట్టుకోవచ్చా మావయ్యా?"

అక్క అన్నం వారుస్తూ ఇటు చూసింది. ఆ చూపు చూసి అతను గట్టిగా, ఆమెకి వినపడేలా అన్నాడు. "నిక్షేపంగా పట్టుకో. గొడుగేసుకుని పెద్దమనిషిలా దిగుతుంది. దూదిపింజ కంటే నయం, అదైనా కంట్లో పడుతుంది."

కంట్లో అన్న మాట వచ్చేసిందే అని నాలిక కరుచుకున్నాడు. అక్క మళ్లీ గిన్నె వైపు తిరిగింది.

పారాచూట్ మాత్రం తన దుకాణానికి పట్టుకెళ్లాడు. పలచటి ప్లాస్టిక్కు, ఉల్లిపొరలా ఉంది, పెట్టెలో కుక్కడం వల్ల ఒళ్లంతా నలిగింది. కాగితం ఏమందంటే, వదులుగా మడిచి, కాస్త పౌడరు చల్లి, గొట్టంలో తేలిగ్గా పెట్టమంది. వదులుగా అన్న మాట అతనికి నచ్చలేదు. వదులంటే ఏ మాత్రం? కొలత లేని మాట మీద పిల్ల కన్ను పెట్టాలా? వదులుగా ఉన్నది ఎటైనా జారుతుంది, దారాలు చిక్కుపడతాయి. తాడు వదులైతే పిల్ల దూరిపోతుందని అనుకున్నవాడే ఈ మనిషి. బుద్ధి మారలేదు.

ముందు దుకాణం మేడ మీద నుంచి దానికి ఒక చెంచా కట్టి వదిలి చూశాడు. చక్కగా విచ్చుకుని ఊగుతూ దిగింది. ఇంక ముడతలు పోవాలి. ఇస్త్రీపెట్టె వేడి బాగా తగ్గించి, తడిగుడ్డ పరిచి, దాని మీద ఒక్క క్షణం ఆనించి తీశాడు. ప్లాస్టిక్కు కరగలేదు, ముడుచుకోలేదు. మరొకరైతే కాల్చేసేవాళ్లు. తర్వాత సగానికి సగం, మళ్లీ సగానికి, గోటితో గీసినట్టుగా ఎనిమిది మడతలు పెట్టాడు. మడతలు నిలవాలని మళ్లీ గుడ్డ కప్పి ఈసారి రెండు క్షణాలు ఆనించాడు. అంచుకి అంచు కూడి, ఉత్తరంలా తయారైంది. గొట్టంలో పెడితే ఎక్కడా తగలకుండా జారింది. ఇంకోసారి విప్పి చూడాలనిపించింది కానీ అంత మంచి మడత పాడవుతుందని విప్పలేదు. నాలుగుసార్లు తాళం లాగి చూసే మనిషి, దీన్ని ఒక్కసారి లాగి చూడలేదు.

సెలవురోజు పొద్దున్నే ముగ్గురూ ఊరి చివర పాడుబడ్డ ఇటుక బట్టీల వెనక మైదానానికి వెళ్లారు. చెట్టూ చేమా లేదు, మనిషి అలికిడి లేదు. గాలి పూర్తిగా పడిపోయింది. అది మంచి శకునమే అన్నాడతను. పిట్టకి మందపాటి అద్దాల కళ్లజోడు పెట్టి, దుమ్ము దూరకుండా పట్టీ తల వెనక బిగించాడు. కాగితం పదిహేను అడుగుల దూరం ఉండమంటే, ముప్పై అడుగులు కొలిచి తల్లీకూతుళ్లని అక్కడ నిలబెట్టాడు.

"ఇక్కణ్నించి కదలొద్దు."

"మరి పట్టుకోవాలిగా," అంది పిట్ట.

"పారాచూట్ విచ్చుకున్నాక వెళ్లు."

ఇనప చువ్వ నేలలో పాతి, రాకెట్టుని దానికి తొడిగి, తీగలు తగిలించి వెనక్కి వచ్చాడు. అక్క పిట్ట మణికట్టు పట్టుకుని ఉంది. పిట్ట పది నుంచి కిందికి లెక్కపెట్టింది. మధ్యలో కళ్లజోడు ఆవిరి పట్టిందని నుదుటి మీదికి తోసుకుంది. అతను చూశాడు, పెట్టుకోమని చెప్పబోయాడు. అప్పటికే పిల్ల "సున్నా" అనేసింది, అతని వేలు మీట నొక్కేసింది.

బుస్సుమని లేచింది. అంత వేగం ఉంటుందని ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు. చూపు అందుకునేలోగా బియ్యపుగింజంత అయిపోయింది. పిట్ట కేరింతలు కొట్టింది. తల్లి పట్టు కూడా సడలింది, ఆమె మొహంలో ఆరేళ్లుగా లేనిదేదో ఒక్క క్షణం కనపడింది. అతని గుండె నిండిపోయింది. పైన టప్‌మని చిన్న చప్పుడయింది, ముక్కు ఊడింది, తెల్లటిదేదో బయటికొచ్చింది.

"వచ్చేసింది, పారాచూట్ వచ్చేసింది," అంటూ పిట్ట చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది.

తెల్లటిది విచ్చుకోలేదు. ఇప్పుడు విచ్చుకుంటుందని అతను చూస్తున్నాడు. పొరకి పొర అతుక్కుపోయి, అంచుకి అంచు కూడి, బల్ల మీద ఎలా ఉందో అలాగే ఉంది. ఇస్త్రీ చేసేవాడి కన్ను అతనిది, అంత ఎత్తులోనూ మడత గుర్తుపట్టాడు. చెక్కుచెదరలేదు.

"పిట్టా, ఆగు. వెనక్కి రా," అని అరిచాడు, అరుస్తూనే పరిగెత్తాడు.

పిట్ట రెండు చేతులూ చాచి, తల పైకెత్తి నిలబడి ఉంది. రెండు కళ్లున్న పిల్లయితే అది ఎంత దగ్గరికి వచ్చేసిందో తెలిసి పక్కకి తప్పుకునేది. పిట్టకి అదింకా పైనే ఉంది. ఇంకా నిదానంగా దిగుతుందని, పెద్దమనిషిలా వస్తుందని నవ్వుతూ చూస్తోంది. చేతులు దగ్గరికి తేకముందే అది మొహానికి తగిలింది.

అతను చేరేసరికి పిల్ల నేల మీద కూర్చుని ఉంది. ఎడమ కన్ను ఉండాల్సిన చోట రక్తం తప్ప ఏమీ కనపడలేదు. ఏడవడం లేదు. చేతులు గాల్లో తడుముతోంది.

"మావయ్యా, చీకటిగా ఉంది. ఏమీ కనపట్టం లేదు."

అక్క అతన్ని పక్కకి నెట్టి మోకాళ్ల మీద కూలబడింది. పైటకొంగు పిడికిట్లో చుట్టి కనుబొమ మీద అదిమి పట్టింది. రెండో చేత్తో సీసాలో నీళ్లు కంటి మీద పోసింది. తుడిచింది, మళ్లీ పోసింది. ఆసుపత్రిలో వందమందికి చేసిన పని, చేతులు వణకలేదు.

"రెప్ప ఎత్తు తల్లీ. మెల్లిగా. ఇవెన్ని?"

పిట్ట పలకలేదు. అతని బతుకులో ఏ క్షణమూ అంతసేపు సాగలేదు.

"చెయ్యి కదపకమ్మా," అంది పిట్ట. "మూడు."

రెక్క అంచు కనుబొమని చీల్చింది. అంగుళం కూడా కాదు, వేలి మందం కిందికి తగిలి ఉంటే మూడు అన్న మాట ఈ జన్మకి వచ్చేది కాదు. అక్క పిల్లని గుండెకి హత్తుకుని అప్పుడేడ్చింది. అతను అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. కుట్లు పడతాయి, వెంటనే వెళ్లాలి అని లేచి, అక్క పిల్లని భుజాన వేసుకుంది. పదేళ్ల పిల్ల, బరువే. అతను చేతులు చాచాడు.

"నేనెత్తుకుంటాను అక్కా. నువ్వు పడిపోతావు. జాగ్రత్తగా తీసుకొస్తాను."

అక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆ రోజూ నువ్వు జాగ్రత్తగానే కట్టావురా," అంది. గొంతు పెంచలేదు. "నిన్నెప్పుడూ తిట్టలేదు నేను. ఇప్పుడూ తిట్టను. నీకు దండం పెడతాను, ఇంక దాని విషయంలో నువ్వు జాగ్రత్త పడకు."

చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. భుజం మీద నుంచి పిట్ట అతన్ని చూసి, మావయ్య కూడా వస్తున్నాడా అని తల్లిని అడిగింది. తల్లి నడుస్తూనే ఉంది. కాసేపటికి బట్టీల గోడ వాళ్లిద్దరికీ అడ్డమొచ్చింది.