పసుపునీళ్ళు పోసిన ఇంజను

బానెట్ ఎత్తిపెట్టి దాలయ్య ఇంజను మీద మరో చెంబు పసుపునీళ్ళు పోశాడు. సీట్లు కడగడం అయింది, తలుపులూ చక్రాలూ అయ్యాయి. నిన్న సాయంత్రం శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి ఒక ముసలావిడ శవాన్ని ఈ పాత అంబాసిడర్ వెనక సీటులోనే ఊరికి తెచ్చాడు. శవాన్ని మోసిన బండిని పసుపునీళ్ళతో కడిగి మైల తీస్తే గాని ఉద్దానంలో మరొకరు ఎక్కరు. అయితే ఇంజనును కూడా కడగమని ఎవరూ చెప్పలేదు. అది దాలయ్య సొంత తెలివి.

ఈ పూట కారెక్కేది జగన్నాధం. కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునే కొబ్బరి రైతు. కిందటి వంతు జ్వరం వల్ల తప్పిపోయింది. ఈసారి తప్పితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అలాంటి మనిషి కూర్చునే బండిలో చావు తాలూకు మురికి ఏ మూలా మిగలకూడదని దాలయ్య పట్టుదల. ఏడాదిగా పక్కన కూర్చుని ప్రయాణం చేసిన ఆ మనిషంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు, అలా చెప్పడం వచ్చినవాడూ కాదు.

దాలయ్య ఎముకలు తేలిన పొడుగాటి మనిషి. వలతాళ్ళు లాగి లాగి అరచేతులు కాయలు కాచాయి. సముద్రం మీద ఎండకు కళ్ళు చికిలించడం అలవాటై, నీడపట్టున కూడా అలాగే చూస్తాడు. భార్య బుల్లమ్మ పోయిన నాడు అతను గుజరాత్‌లో, వెరావల్ రేవులో చేపల బోటు మీద పనిలో ఉన్నాడు. కబురు అంది, రైలెక్కి వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. తిత్లీ తుఫాను సొంత పడవను ముక్కలు చేశాక సముద్రానికి దణ్ణం పెట్టి, చినబాబు అద్దెకు తిప్పే ఈ కారుకు డ్రైవరుగా కుదిరాడు. వేట నుంచి రాగానే పడవ మోటారు మీద మంచినీళ్ళు పోయాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది. ఆ అలవాటుతోనే ఇక్కడా ధారాళంగా పోశాడు. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే జరిగింది.

ఇంజను మొదట దగ్గింది, తరవాత అందుకుంది. వేడెక్కితే ఆ తడి అదే ఆరిపోతుందనుకున్నాడు. జగన్నాధం భార్య మరిడమ్మ కారు చుట్టూ తిరిగి, పసుపు మరకలు చూసి తృప్తి పడి, భర్తను భుజం పట్టి ముందు సీటులో కూర్చోబెట్టింది. తోడు వస్తానంటే ఆయనే వద్దన్నాడు. ఆయన ముఖం ఉబ్బి మెరుస్తోంది. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి నరం తాడులా లేచి ఉంది.

జీడితోటల మధ్యకు వచ్చేసరికి కారు నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

చినబాబుకు ఫోను చేస్తే, ఇంజనుకు తలంటు పొయ్యమని నీకెవడు చెప్పాడని తిట్టి, ఆటో పంపుతానన్నాడు. దాలయ్య బానెట్ ఎత్తాడు. ప్లగ్గులకు నిప్పు అందించే డెల్కో మూత విప్పితే లోపల చెమట పట్టినట్టు పచ్చటి నీళ్ళు. తువ్వాలుతో తుడిచాడు, ఎండలో పెట్టాడు, బిగించి తాళం తిప్పాడు. అందుకోలేదు. మళ్ళీ విప్పాడు.

జగన్నాధానికి దాహం. ఒంట్లో నీరు నిండిన మనిషికి దాహం తీరా నీళ్ళు ఇవ్వకూడదు. సీసా మూతతో కొలిచి దాలయ్యే ఇస్తాడు. ఇప్పుడూ అంతే ఇచ్చాడు. ఆయన దాన్ని చప్పరించి, ఇంజను వైపు చూసి నవ్వాడు.

"నాకు గుక్కెడు నీల్లివ్వడానికి సెయ్యి రాదు గానీ, దీనికి కడివెడు తాగించేసినావేటి దాలయ్యా."

"పడవ మోటారుకేటీ అవ్వదు బాబూ. ఇదీ అలగే అనుకున్నాను."

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. దాలయ్య మళ్ళీ బానెట్ వెనక్కి వెళ్ళి, వైర్లు ఒక్కొక్కటే పీకి, తన చొక్కా విప్పి ఆ పొడి గుడ్డతో తుడవసాగాడు. అక్కడి నుంచి ముందు సీటు కనిపించదు. అందుకని మధ్యలో కేకేసి అడిగాడు.

"ఊపిరాడతన్నాదా బాబూ?"

"ఆడతన్నాది. నీ పని సూడు."

అతను పనే చూశాడు. ప్లగ్గుల గుంటల్లో నీళ్ళు ఊది ఊది బుగ్గలు నొప్పి పుట్టాయి. అంతా బిగించి, పరుగున వచ్చి తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారిగా అందుకుంది. అందుకుంది బాబూ అంటూ సంతోషంగా పక్కకు తిరిగాడు. జగన్నాధం తల కిటికీకి ఆని ఉంది. కళ్ళు సగం తెరిచి తోట వైపు చూస్తున్నాయి. ఉబ్బిన చెంప మీద ఈగ వాలితే ఆయన తోలుకోలేదు.

బుల్లమ్మ పోయినప్పుడు మధ్యలో దేశమంత దూరం ఉంది. ఈసారి ఒక రేకు అడ్డం, అంతే. ఈసారీ అతను దగ్గర లేనట్టే అయింది. స్టీరింగు పట్టుకుని దాలయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆటో వచ్చింది గాని దానితో పని లేకపోయింది. కారును అతనే వెనక్కి తిప్పాడు. ఇంటిదాకా ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

నలుగురూ పట్టి జగన్నాధాన్ని అరుగు మీద పడుకోబెట్టారు. జరిగిందంతా దాలయ్య దాచకుండా చెప్పాడు. పసుపునీళ్ళు తనే ఇంజను మీద పోశానన్నాడు. మరిడమ్మ ఒకటే అడిగింది.

"ఆకరికి ఏటైనా అన్నారా?"

"నీ పని సూడన్నారమ్మా."

ఆమె తల ఊపి, భర్త పాదాల దగ్గర కూర్చుంది. దాలయ్య చొక్కా లేకుండా ఎండలో కారు పక్కన నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పొమ్మనలేదు, రమ్మనలేదు. తలుపు వేద్దామని వంగితే ముందు సీటు కింద ఒక చెప్పు కనిపించింది. వాచిన పాదం పట్టడానికి దాని పట్టీని బ్లేడుతో సగందాకా కోసి, విడిపోకుండా కొబ్బరి పీచుతో కట్టి ఉంది.