చివరి కంచం నిండేదాకా

పప్పులో తేలిన పురుగును శ్రీజ వేలితో తీసి పక్కన పెట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. నంద్యాలలోని ఆ ఆడపిల్లల హాస్టల్లో అందరూ చేసే పని అదే. కానీ ఆ పిల్ల కంచం పట్టుకుని లేచి నిలబడింది.

"సార్, ఇది చూడండి."

మెస్సు కాంట్రాక్టరు నారాయణ ఆ పూట హాలులోనే ఉన్నాడు. కంచంలోకి తొంగి చూసి నవ్వాడు.

"ఏందీ, మాంసం పడింది గదా! దానికి వేరే దుడ్లు అడగలేదులే. తిను."

"తినను సార్."

"తినవా? మీ నాయన ఆళ్లగడ్డలో మా చేను కాడ ఇంతకన్నా చెడ్డది తిని బతికినాడు. రెండు అక్షరాలు రాంగానే నాలుక మారిందా?" వడ్డించే మనిషి వైపు తిరిగాడు. "ఈ పిల్ల తినేదాకా ఇంగెవరికీ వడ్డించొద్దు."

ఆ హాలులో పిల్లలు తమకు తాముగా పెట్టుకున్న కట్టుబాటు ఒకటి ఉంది. చివరి కంచం నిండేదాకా ఎవరూ ముద్ద ఎత్తరు. ఎప్పుడో, పంక్తి చివర కూర్చున్నవాళ్లకు అడుగంటిన మాడు తప్ప ఏమీ మిగలనప్పుడు, ఎవరో అక్కలు మొదలుపెట్టారు. నారాయణ ఆ కట్టుబాటునే శ్రీజ మెడకు తాడు చేశాడు. ఆకలి కళ్లన్నీ ఆ పిల్ల మీదే నిలిచాయి.

"తినెయ్‌మే, పరీక్షకు పోవాల," అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

శ్రీజ తింది. తిని, వరండాలోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. క్రమశిక్షణ లేదని వార్డెన్ కమలాక్షమ్మ ఆ సాయంత్రమే పెట్టెతో సహా ఆ పిల్లను ఆళ్లగడ్డ బస్సెక్కించింది. హాస్టలు లేకపోతే శ్రీజకు చదువు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఆ పూట శ్రీజ పక్కనే కూర్చున్న ప్రవళిక పురుగును చూడలేదు. గరిటె లాక్కుని శ్రీజ కంచంలోకి పైనుంచి ఇంకాస్త పప్పు పోసిన నారాయణ చేతిని చూసింది. ఆ చెయ్యి ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు శనగచేను గట్టు మీద వాళ్ల నాయన జకరయ్య తువ్వాలు పరిచి పట్టుకుంటే, ఆ చెయ్యే అంతెత్తు నుంచి సంగటి ముద్ద జారవిడిచేది. ముద్ద దుమ్ములో పడకుండా నాయన వంగేవాడు. ఎత్తు నుంచి పడే కూటికి ఒక చప్పుడు ఉంటుంది. అది ప్రవళిక గుండెలో ఇన్నేళ్లూ పడుతూనే ఉంది.

ఆ చేతి మీద కాగే సాంబారు పోయాలనుకుంది. ఆ ఊహ తియ్యగా ఉంది. క్లాసులో, బట్టలుతికేచోట, ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా ఆ చేతిని కాల్చింది. కాల్చిన ప్రతిసారీ అది మళ్లీ మొలిచింది.

ఆదివారం మధ్యాహ్నం మిద్దె మీద, ఆరేసిన చున్నీల మధ్య పిల్లలందరూ చేరినప్పుడు ఆ మాట బయటపెట్టింది.

"కాల్చు," అంది బ్లెస్సీ. "నువ్వు జైలుకు పోతావు. వాడు కట్టు కట్టుకుని రెండో చేత్తో వడ్డిస్తాడు. శ్రీజ వస్తాదా?"

"నీకేం తెలుసే నా మంట!"

"నీ ఒక్కదానికేనా మంట? మేమేమన్నా మజ్జిగ తాగి చల్లగా కూర్చున్నామా? మా నాయన బేతంచెర్లలో బండలు కోస్తాడు. బండను ఒక్కడే లేపబోతే నడుం ఇరుగుతాది. నలుగురూ ఒక్కసారే పట్టాల."

మూలనున్న గీతాంజలి వైపు అందరూ చూశారు. వాళ్లది భూములున్న ఇల్లు. నారాయణ ఆమెకు మామ వరస.

"నన్నేం చూస్తారే?" అంది గీతాంజలి. "మామైతే నాకేమన్నా వేరే బియ్యం వండిస్తాండాడా? నేనూ పురుగులే తింటాండా."

ఆ వారమే జిల్లా నుంచి అధికారి తనిఖీకి వస్తున్నాడు. ఆ రోజుకు నారాయణ సన్నబియ్యం దించాడు. పిల్లలు వంటమనిషి జీవమ్మ దగ్గరికి పోయారు.

"రోజూ వండే మూటలోది గూడా కొంచెం వండక్కా."

"నా పొట్ట కొడతారే మీరు!" జీవమ్మ పొయ్యి ఊదింది. తల ఎత్తకుండానే అడిగింది. "ఎంత పొయ్యాల?"

"ఒక్క కంచానికి."

అధికారి వచ్చాడు. పంక్తి మొదట్లో నారాయణ ఆయన పక్కనే కూర్చున్నాడు. తెల్లటి అన్నం, నెయ్యి వడ్డించారు. ఒక్క పిల్ల కూడా ముద్ద ఎత్తలేదు.

"ఏమ్మా, తినరా?" అన్నాడు అధికారి.

"చివరి కంచం నిండలేదు సార్," అంది బ్లెస్సీ. "శ్రీజది. పురుగు చూపించిందని ఇంటికి తరిమినారు."

ప్రవళిక శ్రీజ కంచం తెచ్చి నారాయణ ముందు పెట్టింది. గరిటె తల మీదికెత్తి, జీవమ్మ వేరుగా వండిన పురుగుల బియ్యపు అన్నం జారవిడిచింది. ఆ చప్పుడు హాలంతా వినబడింది.

"ఇది మా రోజు కూడు సార్. ఈయప్ప తింటే మేమూ తింటాం."

నారాయణ మొహం నల్లబడింది. "ఎవరి బిడ్డవే నువ్వు?"

"జకరయ్య బిడ్డను. నీ చేను కాడ తువ్వాలు పట్టినాడే, ఆ జకరయ్య బిడ్డను."

"తిను మామా," అని గీతాంజలి గ్లాసుతో కంచం మీద కొట్టింది. తర్వాత హాలంతా కొట్టింది. తిను! తిను! గోడలు అదిరాయి. అధికారి చూస్తున్నాడు. నారాయణ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గొంతు దిగలేదు. వరండాలోకి పరుగెత్తి, శ్రీజ వాంతి చేసుకున్న చోటే వాంతి చేసుకున్నాడు.

అధికారి తన కంచం పక్కకు జరిపి, శ్రీజను వెనక్కి పిలిపించమని కమలాక్షమ్మతో అన్నాడు. పిల్లలు కేకలు వేశారు. ప్రవళిక మాత్రం నారాయణ వంగిన వీపునే చూస్తూ నిలబడింది. కడుపు నిండుతుందనుకుంది. నిండలేదు. ఇంకా కావాలనిపించింది.

మరునాడు పొద్దున పోలీసు జీపు వచ్చింది. అన్నంలో విషం పెట్టారని నారాయణ ఫిర్యాదు. ప్రవళికను ఎక్కించారు.

స్టేషన్లో నారాయణ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎస్సై గద్దించాడు.

"ఏం విషం కలిపినావు?"

ప్రవళికకు నవ్వొచ్చింది. "ఆయన బియ్యమే సార్. విషమని ఇప్పుడు ఆయనే రాసిచ్చినాడు గదా. మేము రోజూ తింటాండాం."

ఎస్సై నారాయణ వైపు చూశాడు. అప్పుడే వీధిలోంచి కంచాల మోత వినబడింది. కిటికీలోంచి ప్రవళిక చూసింది. బ్లెస్సీ, గీతాంజలి, ఇంకా ఇద్దరు తలా ఒక మూల పట్టి పురుగుల బియ్యం మూట మోసుకొస్తున్నారు. వెనక హాస్టలు హాస్టలంతా ఉంది. ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా వచ్చిన శ్రీజ, పెట్టె పక్కన పడేసి స్టేషను గేటు ముందు మూడు రాళ్లు పేరుస్తోంది. జీవమ్మ గంగాళం దించింది.

"సార్!" బ్లెస్సీ గొంతు లోపలికి వచ్చింది. "విషమో కాదో ఈడనే వండుతాం. అందరికీ వడ్డిస్తాం. మొదటి కంచం ఆయప్పది!"

పొగ కిటికీలోంచి లోపలికి పాకింది. నారాయణ కుర్చీలోంచి లేచి వెనక గుమ్మం వైపు కదిలాడు.

"కూర్చో అప్పా," అంది ప్రవళిక. "చివరి కంచం నిండేదాకా పంక్తి లేవగూడదు."