మూడొందల పన్నెండు మలుపులు

ఊరికే ప్రేమ ఒలకబోసేవాళ్ళంటే కళ్ళద్దాలాయనకు మొదటినుంచీ అనుమానం. అందుకే, "మనిద్దరం బండి మీద ఈ ఒడ్డున బయల్దేరి, కొండలన్నీ ఎక్కి దిగి, మన దీవికి ఆ ఒడ్డున తేలుదాం రా" అని బావ అన్నప్పుడు సంతోషపడలేదు. ఎవరు చెప్పి పంపారా అని ఆలోచించాడు.

బావంటే అక్క మొగుడు, పక్కసందులో మోటార్‌సైకిళ్ళ మెకానిక్కు. ఇరవై ఏళ్ళుగా రోజూ మధ్యాహ్నం టీ గ్లాసుతో ఇతని కళ్ళద్దాల దుకాణానికొచ్చి, కళ్ళు చూపించుకునేవాళ్ళ కుర్చీలో కూలబడి, గోడ మీది అక్షరాల చార్టు వైపు చూస్తూ లోకాన్ని తిట్టిపోసేవాడు. ఏనాడూ ఎక్కడికీ రమ్మనలేదు.

అక్క పనే అయ్యుంటుంది. 'ఒంటికాయ సొంటికొమ్ములా అద్దాలు అరగదీసుకుంటూ కూర్చున్నాడు, కాస్త బయట తిప్పుకురండి' అని ఉంటుంది. జాలి! కొందరికి పాలు పడనట్టు అతనికి జాలి పడదు.

బావ బల్ల మీద మ్యాపు పరిచాడు.

"మొత్తం మూడొందల పన్నెండు మలుపులు. లారీ డ్రైవర్లని అడిగి కనుక్కున్నా. ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టేశా. ఇది అత్తగారి ముక్కు. ఇది అల్లుడి అలక. నువ్వు వెనక కూర్చుని, మలుపు రాబోయే ముందు దాని పేరు గట్టిగా అరవాలి."

"నేనెందుకు అరవడం? రోడ్డు నీ ముందేగా ఉండేది?"

"సరదాకిరా బామ్మర్దీ! నీ బతుకులో సరదా ఉప్పుకల్లంత కూడా లేదు."

"దారిలో రోజూ సాయంత్రం నాలుగింటికల్లా ఆగిపోవాలన్నావు, అది కూడా సరదాకేనా?"

"నాకు నడుం నొప్పి."

"నిన్న మెడ నొప్పన్నావు."

"అది నిన్నటి నొప్పి. ఇదిగో, ఇక్కడ కొండ కొస. ఇక్కణ్ణుంచి చూస్తే రెండు వైపులా సముద్రమేనట!" అంటూ బావ వేలు పెట్టాడు. ఆ వేలు కొండ మీద పడలేదు. బొటనవేలెడు దూరం జరిగి, సముద్రంలో దిగింది.

అంతవరకూ అక్క మీదున్న అనుమానం లేచి వచ్చి బావ ఎదురుగా కూర్చుంది.

"ఏదీ బావా, ఆ చార్టు ఒకసారి చదువు."

బావ ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, పై వరస నుంచి చివరి చీమతలకాయంత అక్షరాల దాకా గుక్కతిప్పుకోకుండా చదివేశాడు. "చాలా, వెనకనుంచి కూడా చదవాలా?"

కళ్ళద్దాలాయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు సాయంత్రం దుకాణం సర్దేదాకానే నిలిచింది. ఇన్నేళ్ళలో ఆ చివరి వరస దగ్గర ఒక్కసారైనా తడబడనివాణ్ణి అతను చూడలేదు. కళ్ళు చిట్లిస్తారు, మెడ సాచుతారు, ఏదో అక్షరాన్ని సున్నా అనుకుని నాలిక కరుచుకుంటారు. బావ ఇవేవీ చేయలేదు. కళ్ళద్దాలాయన ఎర్ర అంచున్న పాత చార్టు దించేసి, బీరువాలోని నీలం అంచున్న వేరే చార్టు తగిలించాడు.

మర్నాడు బావ కుర్చీలో కూర్చుని, అడగ్గానే పాత చార్టంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

ఇప్పుడు నోరు విప్పితే ప్రయాణం ఆగిపోతుంది. ఈ మధ్యాహ్నపు టీలు కూడా ఆగిపోవచ్చు. విప్పకపోతే, ఆ కళ్ళ వెనక మూడొందల పన్నెండు మలుపులు కూర్చోవాలి.

"బావా, నిన్న చార్టు మార్చాను."

"ముందే చెబితే ఇది కూడా బట్టీ పట్టేవాణ్ణి కదరా" అన్నాడు బావ. గ్లాసు కింద పెట్టాడు. "రెండు కళ్ళల్లోనూ నట్టనడుమ మసక. అంచులు బాగానే కనిపిస్తాయి. బోల్టులంటావా, చేతికే తెలుస్తాయి. పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. ఉన్నది పోకముందే ఆ కొస మీద నిలబడాలి. అందుకే నీ కళ్ళు అరువడిగా."

జాలి కాదన్నమాట! మొదట వచ్చింది సంతోషమే. అది అతనికే నచ్చలేదు.

"నన్ను లోయలో కలిపేసేవాడివి."

"అరవమన్నాగా!"

"తాళం ఇలా ఇవ్వు."

"నీకు బండి రాదుగా?"

"నేర్పు."

మూడోవారానికి కళ్ళద్దాలాయన దుకాణం ముందు వీధిలో ఫస్టుగేరులో వణుకుతూ పోతున్నాడు. నడిచిపోయేవాళ్ళు దాటేస్తున్నారు. వెనక బావ రెండు చేతులూ ఎత్తి, వంకరన్నది లేని ఆ వీధిలో "అత్తగారి ముక్కు! ఎడమకి! ఎడమకి!" అని అరుస్తున్నాడు. మూడొందల పన్నెండూ కంఠతా వచ్చేశాయి మహానుభావుడికి.

అంచులు బాగానే కనిపిస్తాయన్నాడు కదా ఈ మనిషి? అనుమానం మళ్ళీ తల ఎత్తింది. ఎర్ర అంచు నీలం అయిందని కుర్చీలో కూర్చోగానే తెలియదా? తెలిసే, దొరికిపోదామనే పాతది చదివాడా?

"బావా, నిజం చెప్పు. ఆ రోజు చార్టు మారిందని నీకు ముందే తెలుసు కదూ?"

"అల్లుడి అలక!" అని అరిచాడు బావ, అతని వీపు చరుస్తూ. "కుడికి తిప్పరా!"