అడ్డం వచ్చిన ఆకు

నేను ఒక కెమెరాను. నల్లటి ఒళ్లు, కుడిచేతి బొటనవేలు ఆనే చోట రబ్బరు ఊడిపోయి బంక మరక కనిపించే పాత కెమెరాను. ఏ దేశంలో పుట్టానో నా అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ చదవలేదు. నన్ను చూసి మనుషులు అడిగిన మాట ఒక్కటే, "ఫొటోలు ఎప్పుడిస్తవ్?"

నన్ను తయారు చేసిన చోట దుమ్ము పడకూడదని పనివాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు వేసుకొని పని చేశారు. అంత శుభ్రంగా పుట్టినదాన్ని హుజూరాబాద్ చేరిన మొదటి వారంలోనే నుదుట పసుపు పూసి, కుంకుమ పెట్టారు. ఆ రోజు దసరా. స్టూడియోలో ఉన్న లైట్లకు, స్టాండ్లకు, కత్తెరకు కూడా పెట్టారు కనుక నాకు పెట్టకపోతే బాగుండదని పెట్టారు. అప్పుడు ఒక కుంకుమ రేణువు, కన్ను పెట్టే చోట చూపు సరిచేసుకునే చిన్న చక్రం సందులోకి జారింది. ఇప్పటికీ అక్కడే ఉంది. చక్రం తిప్పితే కిర్రుమంటుంది.

నా యజమాని పేరు ఓదెలు. బస్టాండు వెనక గల్లీలో ఆయన ఫొటో స్టూడియో. పెండ్లి ఫొటోలు తీయడంలో ఆయనకు పేరుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది, పోతే మళ్లీ రాదు. అందుకే ఆయన వేలు ఆయన కన్నా ముందు పని చేసేది. కన్ను చూసి, బుద్ధికి చెప్పి, బుద్ధి ఆలోచించి వేలికి చెప్పేలోగా తాళి మూడు ముళ్లూ పడిపోతాయని ఆయన అనేవాడు. తలంబ్రాల వేళ పెండ్లిపిల్ల మేనమామలు, చిన్నమ్మలు అందరూ ముందుకు వంగి మాకు అడ్డం వచ్చేవారు. ఓదెలు గొంతు మైకు కన్నా పెద్దగా వినిపించేది. "అడ్డం జరుగుండ్రి, జర అడ్డం జరుగుండ్రి." పెండ్లికొడుకు తండ్రి అయినా సరే, జరగవలసిందే. అడ్డం ఉన్న ప్రతిదాన్నీ జరపడమే మా వృత్తి ధర్మమని నేనూ నమ్మాను.

ఒకసారి ఓదెలు ఒక గృహప్రవేశానికి వెళ్లాడు. భుజాన నేను. ఆ ఇంటి గోడకు ఎనిమిదేళ్ల కిందటి పెండ్లి ఫొటో, పెద్దది, ఫ్రేము కట్టి ఉంది. మేము తీసిందే. ఓదెలు ఏమీ ఎరగనట్టు, "మంచిగున్నది, ఎవలు తీసిండ్రు?" అని అడిగాడు. ఇంటాయన భోజనం వడ్డిస్తూ, "ఎవడో ఫొటోలాయన. మాకు యాదికి లేదు" అన్నాడు. ఓదెలు తలవంచుకొని పప్పన్నం తిన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నన్ను తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయేవాడు. ముప్పై ఏళ్లలో లక్షల ఫొటోలు తీశాడు. ఒక్కదాని కిందా ఆయన పేరు లేదు.

తర్వాత పెండ్లిళ్లకు ఎగిరే కెమెరాలు వచ్చాయి. ప్రతి చేతిలో ఫోను వచ్చింది. స్టూడియో మూతపడింది. నన్ను బీరువాలో, పట్టుచీరల మధ్య, కలరా ఉండల వాసనలో పెట్టారు. రెండేళ్లు చీకట్లో ఉన్నాను.

బయటికి తీసింది స్రవంతి. ఓదెలు బిడ్డ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. గురుకుల పాఠశాలలో సైన్స్ చెబుతుంది, శని ఆదివారాలు ఇంటికి వస్తుంది. ఆమె ఫోనులో ఒక ప్రకటన చూపించింది. పక్షులను ఇష్టపడేవాళ్ల సంఘం ఒకటి క్యాలెండర్ వేస్తుందట. ఇంటి వెనక పెరట్లో కనిపించే పక్షుల ఫొటోలు మాత్రమే కావాలట. నెలకొకటి, మొత్తం పన్నెండు.

"పేరు ఏస్తరా?" అని అడిగాడు ఓదెలు.

"ఏస్తరు బాపు. ఫొటో కిందనే."

"ఇంటిపేరుతోనా?"

"ఇంటిపేరుతోనే."

ఓదెలు లేచి వెళ్లి నా బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టాడు.

ఇంటి వెనక పెరడు చిన్నది. ఒక నిమ్మచెట్టు, ఒక కరివేపాకు చెట్టు, గోరింట పొద, బోళ్లు తోమే గచ్చు. ఓదెలు భార్య కొమురవ్వ గచ్చు పక్కన ఒక మూకుడులో పిట్టలకు నీళ్లు పోసి పెట్టేది. ఎండాకాలం రోజుకు రెండుసార్లు కడిగి నింపేది. వంటింటి కిటికీలోంచి వాటిని చూస్తూనే కూరగాయలు కోసేది. ఏ పిట్ట ఏ వేళకు వస్తుందో, ఏది దేన్ని తరుముతుందో ఆమెకు తెలుసు. పేర్లు మాత్రం ఆమె పెట్టుకున్నవే. గోరింకలు ఆమెకు 'పంచాయితీ పెద్దలు'. నెత్తిమీద నల్ల కుచ్చు, తోక కింద ఎర్ర మచ్చ ఉన్న పిగిలిపిట్టలు 'జుట్టుపిట్టలు'. ఇరవై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉన్న ఓదెలుకు ఇవేవీ తెలియవు. ఆయన ఆ ఇరవై ఏళ్లూ ఊరివాళ్ల పెండ్లిళ్లు చూశాడు.

మొదటి రోజులు నాకు సిగ్గుగా ఉండేవి. ఓదెలు గోరింకలతో, "జర ఇటు సూడు, తల ఎత్తు" అనేవాడు. అవి ఎగిరిపోయేవి.

"అది పెండ్లిపిల్ల గాదు, నువ్వు చెప్పినట్టు తల ఎత్తనీకి" అని కొమురవ్వ కిటికీలోంచి నవ్వేది.

"పెండ్లిపిల్లలు మాత్రం విన్నరా?" అనేవాడు ఓదెలు.

కరీంనగర్ పోయి దూరం చూసే పాత లెన్స్ ఒకటి తెచ్చాడు. మెల్లమెల్లగా మాట్లాడటం మానేశాడు. ఊపిరి బిగబట్టి కూర్చోవడం నేర్చుకున్నాడు. ఆయన గుండె కొట్టుకోవడం నా ఒంటికి తెలిసేది.

జూన్ నెలలో జుట్టుపిట్టలు నిమ్మచెట్టులో గూడు కట్టాయి. కిటికీకి నాలుగు బారల దూరం. మూడు గుడ్లలో రెండు పిల్లలయ్యాయి. కొమురవ్వ ఆ రోజు నుంచి గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోమింది. కాని గూటికి ముందు ఒక కొమ్మ, దాని నిండా ఆకులు. నా కన్నుకు ఆకులే తప్ప గూడు అందలేదు. ఓదెలు నోట్లోంచి పాత మాట వచ్చింది.

"అడ్డం ఉన్నది. జరపాలె."

కొమురవ్వ చేతిలో పని ఆపింది. "కొమ్మ కొయ్యకు. అది దాని తలుపు."

"కొయ్య. కడుత. తీసుడు కాంగనే ఇడుస్త."

"ఒట్టు?"

"ఒట్టే."

స్టూడియోలో వెనక తెర కట్టడానికి వాడిన తాడుతో ఆయన ఆ కొమ్మను పక్కకు లాగి కట్టాడు. నేను ఎరిగిన తాడే. పది నిమిషాలు తీశాడు, విప్పేశాడు. రెండో రోజూ అంతే. మాట తప్పలేదు.

మూడో రోజు ఒక ఇబ్బంది కనిపెట్టాడు. పొద్దున్నే పక్కింటి నీళ్లట్యాంకు చాటునుంచి వెలుగు నేరుగా గూటి మీద పడుతుంది. ఐదారు నిమిషాలే. ఆ వేళ వెళ్లి కొమ్మ కడితే తల్లి బెదిరి ఎగిరిపోతుంది, మళ్లీ వచ్చేలోగా వెలుగు పోతుంది. అందుకని ఆ సాయంత్రం కొమ్మ కట్టినవాడు, విప్పలేదు. ఒక్కరాత్రే కదా అనుకొని ఉంటాడు. కొమురవ్వకు చెప్పలేదు. నన్ను కిటికీలో స్టాండు మీద నిలబెట్టి, మూత పెట్టి వెళ్లాడు.

తెల్లారింది. కొమురవ్వ ముందు వాకిలి ఊడుస్తోంది. ఓదెలు మూత తీసి నా వెనక కన్ను పెట్టాడు. వెలుగు ఆయన అనుకున్న చోటే, అనుకున్న వేళకే పడింది. రెండు పిల్లలూ నోళ్లు తెరిచి మెడలు ఎత్తాయి. ఇంత స్పష్టంగా నేను ఏ పెండ్లినీ చూడలేదు.

అప్పుడు గోడమీద జెముడుకాకి వచ్చింది. ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కన్ను. అది రోజూ తొండల కోసం ఆ గోడమీద నడిచేదే. నిమ్మచెట్టు పక్కనుంచే వెళ్లేది, ఎన్నడూ ఆగలేదు. ఆ రోజు ఆగింది. ఆకులు లేవు. తెర తీసిన పెండ్లిపీటల్లా గూడు బయటపడి ఉంది.

వేలు నొక్కింది. నేను కన్ను మూసి తెరిచాను. మళ్లీ నొక్కింది. జెముడుకాకి కొమ్మ మీదికి దూకడం, తల్లి దాని వీపు మీద పడి పొడవడం, అది ఒక పిల్లను ముక్కున పట్టి తల ఎత్తడం. మొత్తం పదకొండు. ఆ తర్వాత ఓదెలు "హూష్" అని అరిచాడు. జెముడుకాకి గోడ దాటిపోయింది.

వేలు నాది కాదని చెప్పి నేను తప్పించుకోగలను. కన్ను మాత్రం నాదే.

కొమురవ్వ చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది. గూడు చూసింది. తాడు చూసింది. తిట్టలేదు. నిమ్మముళ్లు గీరుకుంటున్నా చెయ్యి లోపలికి పెట్టి, బిగిసిన ముడిని పండ్లతో కొరికి విప్పింది. కొమ్మ తన చోటికి తాను వెళ్లింది. ఆమె అప్పుడు కిటికీ వైపు తిరిగి ఒకే మాట అడిగింది.

"నువ్వు ఒర్లినంక ఫొటో కొట్టినవా, కొట్టినంక ఒర్లినవా?"

ఓదెలు నాకు మూత పెట్టాడు. జవాబు నా దగ్గర ఉంది. ప్రతి ఫొటో మీదా గంట, నిమిషం, సెకను నేను రాస్తాను. కాని నన్నెవరూ అడగలేదు.

శనివారం స్రవంతి వచ్చింది. కంప్యూటరులో ఆ పదకొండూ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. తల్లిపిట్ట జుట్టు నిక్కబొడుచుకొని ఉంది, జెముడుకాకి కంట్లో వెలుగు చుక్క ఉంది. ఓదెలు జీవితంలో అంత మంచి ఫొటో తీయలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"ఇది పెడితే తప్పకుంట వస్తది బాపు" అంది స్రవంతి. తర్వాత దరఖాస్తు చదువుకుంటూ ఒక చోట ఆగింది. "ఒకటి అడిగిండ్రు. గూటి దగ్గర కొమ్మలు కోయడం, కట్టడం, జరపడం చేశారా అని."

కొమురవ్వ ఎల్లిపాయ పొట్టు తీస్తోంది. తల ఎత్తలేదు.

"వాళ్లొచ్చి చూస్తరా?" అన్నాడు ఓదెలు.

"చూడరు బాపు. మనం రాసిందే నమ్ముతరు."

వచ్చి చూస్తారంటే ఆయనకు సులువుగా ఉండేది. కాసేపు తన బొటనవేలి గోరు చూసుకుంటూ కూర్చొని, "ఇయ్యాల వద్దు, ఆపు" అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు ఆయన నన్ను ముట్టుకోలేదు. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, పొడుగాటి కట్టె పట్టుకొని, పొద్దున్నుంచి చీకటి పడేదాకా కూర్చున్నాడు. మిగిలింది ఒక్క పిల్ల. అన్నం కూడా అక్కడే తిన్నాడు. గోడ అవతలి నుంచి పక్కింటాయన, "ఓదెలన్నా, నిమ్మకాయలకు కావలి గాస్తున్నవా?" అని ఎగతాళి చేశాడు.

"అవ్ తమ్మీ, దొంగ ఇంట్లనే ఉన్నడు" అన్నాడు ఓదెలు. పక్కింటాయనకు అర్థం కాలేదు. వంటింట్లో గరిట చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

ఎనిమిదో రోజు పొద్దున కొమురవ్వే పిలిచింది. "తీస్కరా నీదాన్ని. పిల్ల ఎగిరిపోతానికి ఉన్నది."

పిల్ల గూటి అంచు మీద నిలబడి ఉంది. తల్లి పక్కకొమ్మ మీదనుంచి పిలుస్తోంది. ముందు అదే కొమ్మ, అవే ఆకులు. నా కంటికి పిల్లది ఒక కన్ను, సగం రెక్క, ఇంకా ఎదగని కురచ తోక మాత్రమే కనిపించాయి. మిగతా అంతా ఆకుపచ్చ మసక. ఓదెలు జరపమనలేదు. ఒక్కసారి నొక్కాడు. ఆ చప్పుడుకే అన్నట్టు పిల్ల కరివేపాకు చెట్టు మీదికి ఎగిరి, దిగబోయి తూలి, కొమ్మ పట్టుకుంది. కొమురవ్వ చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

దరఖాస్తుకు ఆఖరు రోజున ఓదెలు ఆ ఫొటోనే పంపమన్నాడు.

"ఇది రాదు బాపు. ఆకు అడ్డం వచ్చింది."

"ఉండనియ్."

"సరే. ఈ ఫొటోకు కొమ్మ జరపలేదు గద, కాదు అని పెడుత."

ఓదెలు ఆలోచించాడు. "గట్ల కాదు బిడ్డా. దీనికి కట్టలే. అంతకుముందు కట్టిన. విప్పుత అని విప్పలే. ఒకటి పోయింది. అట్ల రాయి."

"గంత రాసే జాగ లేదు బాపు. అవును, కాదు. రెండే ఉన్నయ్."

"అయితే అవును పెట్టు."

కొమురవ్వ లేచి ఆయనకు చాయ పెట్టి తెచ్చింది. ఆ పొద్దు తర్వాత అడగకుండా ఇచ్చిన మొదటి చాయ అదే.

జనవరిలో క్యాలెండర్ వచ్చింది. ఓదెలు పన్నెండు నెలలూ తిప్పి చూశాడు. డిసెంబరు అయ్యాక మళ్లీ జనవరికి వచ్చి ఇంకోసారి చూశాడు. తర్వాత దాన్ని వంటింట్లో మేకుకు తగిలించాడు. ఎవరో తీసిన లకుముకిపిట్ట ముక్కు కింద కొమురవ్వ గ్యాస్ బండ వచ్చిన తేదీ చుట్టూ సున్నా చుట్టింది. ఆకు అడ్డం వచ్చిన ఫొటోను స్రవంతి కడిగించి తెచ్చింది. అది ముందుగదిలో ఉంది. కింద పేరు రాయిస్తానంటే ఓదెలే వద్దన్నాడు.

ఆ పదకొండు ఫొటోలు ఇంకా నా కార్డులోనే ఉన్నాయి. తుడిచేయనా అని స్రవంతి అడిగితే, "ఉండనియ్, తుడిస్తే నేను మర్చిపోత" అన్నాడు.

మరుసటి ఎండాకాలం నా లోపల మూసి తెరిచే తెర, షట్టర్ అంటారే, అది పని చేయడం మానేసింది. కరీంనగర్‌లో బాగుచేసే మనిషి విప్పి చూసి, లక్షన్నర సార్లకు పైగా మూసి తెరిచింది, ఇంకెంత పని చేస్తదన్నా అన్నాడు. పాత సామానుకు ఇచ్చేస్తారనుకున్నాను. కాని నాలాంటి వాటిలో ఒక సంగతి ఉంది. తెర చచ్చినా, బ్యాటరీ తీసేసినా, లోపలి అద్దాలు ఉంటే చాలు, వెనక కన్ను పెట్టినవాళ్లకు ముందున్నది కనిపిస్తుంది. అది కనిపెట్టింది కొమురవ్వ. ఇప్పుడు నా చోటు వంటింటి కిటికీ, పప్పుడబ్బా పక్కన. నేనిప్పుడు ఏదీ తీయలేను, దాచలేను. చూడగలను, అంతే.

ఈ ఏడు జుట్టుపిట్టలు గోరింట పొదలో కట్టాయి. కొమురవ్వ చెయ్యి తుడుచుకొని నన్ను ఎత్తుతుంది. చక్రం తిప్పితే కుంకుమ రేణువు కిర్రుమంటుంది. వెనక నుంచి ఓదెలు అడుగుతాడు.

"కనవడుతున్నదా?"

"సగమే. ఆకు అడ్డమున్నది."

ఆయన పీట జరుపుకొని కూర్చుంటాడు. గాలి వచ్చి ఆ ఆకు తనంత తాను పక్కకు వంగేదాకా ఆమె ఆగుతుంది. నేనూ ఆగుతాను.