మేకు కొట్టని గోడలు

ఆత్మకూరులోని ఆ వీధిలో కిరాయికి ఎవరు దిగినా ముందు పాలు పొంగించేవారు, తర్వాత జానమ్మను పిలిచేవారు. ఇళ్ల ఓనర్లందరిదీ ఒకటే షరతు, గోడకు మేకు కొట్టొద్దని. జానమ్మ వచ్చి గడియారాన్నో పెళ్లి ఫోటోనో గోడకు ఆనించి అరచేత్తో ఒత్తేది. అది అక్కడే నిలిచిపోయేది. సున్నం పెచ్చు కూడా లేచేది కాదు. ఆమె చాయ తాగి ఇంటికి పోయేది.

అయితే తగిలించినదాని బరువు గోడ మొయ్యదు, జానమ్మ కుడిచెయ్యి మోస్తుంది. పదకొండేళ్లలో ఇరవై ఇళ్ల బరువు చేరి ఆ చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. పైగా ఆమె ఊరి పొలిమేర దాటితే అన్నీ రాలిపోతాయి. ఒకసారి చెల్లెలి పెళ్లికి పోతుంటే వీధిలో గడియారాలన్నీ నేలపాలయ్యాయి. ఆనాటి నుంచి వీధంతా ఆమెను కంటికి రెప్పలా కాచుకుంది. కూరలు పంపారు, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయారు, ఊరు మాత్రం దాటనివ్వలేదు. అంత ప్రేమలో మనిషికి ఊపిరాడదని ఎవరికీ తోచలేదు.

బిడ్డ ప్రణీత కొల్లాపూర్ హాస్టల్లో ఏడో తరగతి. ఒక్క ఆదివారం కూడా జానమ్మ చూడ్డానికి పోలేదు. ఇప్పుడు అదే హాస్టల్లో వంటపని దొరికింది. శనివారం చేరకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు. సంగతి తెలిసి వీధివాళ్లు వరుసగా వచ్చారు. పోవద్దని ఎవరూ అనలేదు, బతుకమ్మ పండుగ దాటినాక పొమ్మన్నారు. జానమ్మ పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

శనివారం పొద్దున సంచి పట్టుకుని ఇంటి ఓనరు నర్సింగమ్మ ముందు నిలబడింది. వీధిలో మొదట మేకులొద్దన్నది ఈమే, మిగతా ఓనర్లు ఈమెను చూసే పట్టుపట్టారు. ఆ గోడలు కట్టింది ఆమె పెనిమిటి ఎల్లస్వామి. మేకు దించితే పోయిన మనిషి రొమ్ములో దించినట్టేనని ఆమె బాధ. టేకు చట్రంలో ఆయన ఫోటో కూడా జానమ్మ తగిలించిందే. అన్నిట్లోకి అదే బరువు.

“అవ్వా, తాత ఫోటో దించి నీ చేతికిచ్చి పోత.”

నర్సింగమ్మ చాలాసేపు ఫోటోనే చూసింది.

“దించకు. నీ బిడ్డకు ఎన్నేండ్లు?”

“పన్నెండు.”

“పో. బస్సు పోతది.”

బస్సు అరగంట ఆలస్యంగా కదిలింది. జానమ్మ కుడిచేతిని సంచిలా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పొలిమేర దగ్గరపడుతుంటే పగిలే అద్దాల చప్పుడు ముందే చెవుల్లో మోగింది. దిగిపోదామని లేచింది కూడా. అంతలో చేతిలోంచి పెద్ద బరువొకటి దిగిపోయింది. ఊడిపడ్డట్టు లేదు, ఎవరో మెల్లగా అందుకున్నట్టుంది. వెంటనే ఫోను మోగింది.

“మేకు కొట్టిన,” అంది నర్సింగమ్మ. “మీ తాత ఏమనలే.”

ఆమె మాటల వెనక వీధి పొడుగునా సుత్తెల చప్పుడు. ఒక్కో ఇంటి బరువు దిగిపోతుంటే జానమ్మకు ఏడుపాగలేదు. పొలిమేర ఎప్పుడు దాటిందో చూసుకోలేదు.

కండక్టరు వచ్చి ఆడవాళ్ల ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు అడిగాడు. జానమ్మ దాన్ని కుడిచేత్తో తలకంటే పైకెత్తి చూపించింది.

“గంత పైకెందుకమ్మా,” అన్నాడతను, “కనవడుతాంది.”