అమావాస్య నీళ్లు

నేను ఒక ఇనప మూతను. మోతీగల్లీ చిన్న పరిశ్రమల పేటలో, రెండు మురుగు లైన్లు వచ్చి కలిసే మ్యాన్‌హోల్ మీద ఏండ్ల తరబడి పడి ఉన్న మూతను. మీరు నా మీదుగా స్కూటర్లు నడిపారు, పాన్ ఉమ్మారు, పెండ్లి ఊరేగింపులో నా మీదే చిందులేశారు. నా కింద ఏముందని ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాను. ఆ రోజు చూసింది తల్చుకుంటే ఇనుమునై ఉండి కూడా నాకు వణుకు ఆగదు.

పుట్టుక పెద్ద గొప్పదేం కాదు. విరిగిన నాగటి కర్రులు, పాత పంపు ముక్కలు, ఎవరిదో కుట్టుమిషను కాలు, అన్నీ కలిపి కరిగించి ఇసుక అచ్చులో పోశారు. నెత్తి మీద మున్సిపాలిటీ పేరు పెద్ద అక్షరాలతో వేశారు. అడుగున ఏమీ వేయలేదు. అడుగు ఎవడు చూస్తాడని.

కొన్నాళ్లు మున్సిపాలిటీ స్టోరు దొడ్లో పడున్నాను. నా కన్నాల్లోంచి గడ్డి మొలిచింది, ఆ గడ్డిని మేకలు తిన్నాయి. ఒకనాడు ఎవడో ఎత్తుకుపోయి మిర్చిబజ్జీల బండివాడికి అంటగట్టాడు. వాడు నన్ను పొయ్యి కింద పీటగా వేశాడు. నా బతుకులో వెచ్చగా గడిచిన కాలం అదొక్కటే. అదీ నిలవలేదు. బజ్జీలు తింటున్న మున్సిపాలిటీ అధికారి ఒకాయన వంగి చూసి, పొయ్యి కింద తన ఆఫీసు పేరు చదువుకుని, చేతిలో బజ్జీలు పూర్తిచేసి మరీ మండిపడ్డాడు. అలా దొరికి మోతీగల్లీకి వచ్చాను.

నా కుడి పక్క లైను కేదారి షెడ్డు నుంచి వస్తుంది. కేదారి ఇనప సామాన్లకు మెరుగుపూత పూస్తాడు. ఆ తొట్టిలో ఉండేది సైనైడు ఉప్పు నీళ్లు. ఎడమ పక్క లైను సత్తిరెడ్డి షెడ్డు నుంచి. ఆయన ఇనప చువ్వలకు తుప్పు వదలగొడతాడు. ఆ తొట్టిలో ఉండేది ఆసిడ్. దేనికదే ఉంటే ఒక బాధ. రెండూ ఒకచోట కలిస్తే పుట్టేది ప్రాణాలు తీసే గాలి. అవి కలిసే చోటు నా కడుపు.

ఇలాంటి నీళ్లకు నియమం లేకపోలేదు. యూనిట్లు తమ నీళ్లలోని విషాన్ని తామే తీసేసి, ఆ తర్వాతే ఊరి లైన్లోకి వదలాలి. ఊరి చివర ఉన్న శుద్ధి కేంద్రం మనుషుల మురుగు కోసం కట్టింది, సైనైడు కోసం కాదు. మంచి నియమం. కానీ దానికి వెనక ఒక దొడ్డిదారి పెట్టారు. తక్కువ నీళ్లు వదిలే చిన్న యూనిట్లకు ఈ బెడద లేదు. ఏడాదికోసారి వాళ్ల గేటు దగ్గర ఒక సీసా నీళ్లు పట్టుకుపోతారు, పాసైతే చాలు. ఆ సీసా కూడా పనిరోజు చూసుకుని, ముందే ఫోన్ చేసి పడతారు. చిన్నవాళ్లు కదా, బతకనివ్వండి అన్నారు. చిన్నవాళ్ల మీద జాలి మంచిదే. మరి ఆ పేటలో మైసయ్య కంటే చిన్నవాడు ఎవడున్నాడు?

మైసయ్య మురుగు లైన్లు తీసే మనిషి. కాంట్రాక్టరు కింద పని. తోడు ఆయన బామ్మర్ది ఓదేలు. మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకూడదని చట్టం ఉంది. అందుకే కాంట్రాక్టరు దాన్ని దించడం అనడు, 'లైను చూసి రావడం' అంటాడు. మాట మారిస్తే మనిషి మునగడని కాబోలు.

నన్ను తీసే ముందు మైసయ్య గడ్డపారతో నా నెత్తి మీద మొట్టేవాడు.

"లే ముసలోడా. కడుపు కడిగి పోత."

"దానికి చెవులున్నయా బావా? దాంతోటి ముచ్చట్లేంది?" అనేవాడు ఓదేలు.

"నీకున్నయి గద రెండు. నువ్వు ఇంటున్నవా నా మాట?"

ఇప్పుడు అమావాస్య సంగతి చెప్పాలి. మోతీగల్లీలో అమావాస్య నాడు మిషన్లు తిరగవు. షెడ్లు కడిగి, మిషన్లకు పసుపు బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, గేటు ముందు గుమ్మడికాయ కొడతారు. మూడు దారులు కలిసే చోట ఉన్నాను కనక ఆ కాయ తరచూ నా నెత్తి మీదే పగిలేది. పేటంతా బంద్. నీళ్ల విభాగం ఇంజనీరు ప్రసూన మేడమ్ కూడా ఆ రోజును అలాగే లెక్కేసుకుంది. షెడ్లు మూసి ఉంటాయి, లైన్లలో నీళ్లు ఉండవు, పనివాళ్లు దిగడానికి అదే మంచి రోజని. చెడ్డ మనిషి కాదు. పనివాళ్ల మేలు కోరే ఆ రోజు పెట్టింది.

అయితే పైన ఉన్నవాళ్లకు తెలియనిది ఒకటుంది. పనిరోజున తొట్టి ఖాళీ చేస్తే పని ఆగుతుంది. అందుకని నెలంతా వాడిన తొట్టి నీళ్లు అమావాస్య నాడే ప్లగ్గు పీకి వదులుతారు. పూజకు ముందు శుభ్రం చేయాలి కదా! కేదారీ వదులుతాడు, సత్తిరెడ్డీ వదులుతాడు. ఒకరి సంగతి ఒకరికి పట్టదు. పొద్దున కేదారి, మధ్యాహ్నం సత్తిరెడ్డి. అందువల్ల చాలాకాలం నా కడుపులో అవి పెద్దగా ఎదురుపడకుండా ముందువెనకగా వెళ్లిపోయేవి.

ఆ అమావాస్యకు లైను జామైంది. పొద్దుటి నీళ్లు కదలక నిలిచిపోయాయి. అందుకే మైసయ్యను పిలిచారు.

మైసయ్య నన్ను పక్కకు లాగాడు. ఓ కాగితం వెలిగించి తాడుకు కట్టి లోపలికి దించాడు. అది వాళ్ల పద్ధతి. మంట ఆరితే దిగరు. ఆరలేదు, కిందిదాకా బ్రహ్మాండంగా మండింది.

"చల్లగుంది లోపట. దిగుతున్న," అన్నాడు.

అప్పుడే ఎడమ లైన్లోంచి సత్తిరెడ్డి నీళ్లు గలగలమంటూ వచ్చాయి. మైసయ్య మెట్ల మీద సగం దిగి ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. నవ్వాడు కూడా.

"ఓదేలూ, ఎవడో కింద బాదంపాలు పారబోసిండ్రా!"

అంతే. ఆ నవ్వు ముగియలేదు. చేతులు మెట్టు వదిలేశాయి. నడుముకు కట్టిన తాడు ఒక్కసారిగా బిగిసింది. ఓదేలు "బావా" అని అరుస్తూ లాగాడు. తానే దూకబోతే టీ కొట్టు ఆయన వచ్చి వెనకనుంచి వాటేసుకున్నాడు. నలుగురు కలిసి పైకి లాగేసరికి మైసయ్య ముఖం ఎర్రగా, నిద్రపోతున్నవాడిలా ఉంది. నన్ను మొట్టిన ఆ చెయ్యి నా మీదే వచ్చి పడింది. ఒక మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను.

ఆ చావు మీద విచారణకు కమిటీ వచ్చింది. పనిరోజున వచ్చింది. కేదారి గేటు దగ్గర సీసా పట్టారు, పాస్. సత్తిరెడ్డి గేటు దగ్గర సీసా పట్టారు, పాస్. నా దగ్గరికి వచ్చి, నా మీద నిలబడి, నా కన్నాల్లోకి వంగనైనా వంగకుండా, 'మురుగులో సహజంగా పుట్టే వాయువు' అని తేల్చారు. సహజంగా అట! ఇక మీదట లైన్లలో నీళ్లు తక్కువగా ఉండే రోజే పని చేయించాలని సలహా కూడా ఇచ్చారు. తక్కువగా ఉండే రోజంటే ఏది? మళ్లీ అమావాస్యే. విన్నప్పుడు నాకు నోరుంటే పేటంతా మోగేలా అరిచేదాన్ని.

లైను మళ్లీ జామైంది. తర్వాతి అమావాస్యకు కాంట్రాక్టరు ఓదేలును తెచ్చాడు. రానంటే పని ఊడుతుందన్నాడు. ఈసారి ప్రసూన మేడమ్ కూడా జీపులో వచ్చింది, జాగ్రత్తగా చేయించాలని. వాళ్లు వచ్చేసరికి నా మీద ఒకామె బాసిపట్లు వేసుకుని కూర్చుని ఉంది. అనసూర్య. మైసయ్య భార్య, ఓదేలుకు సొంత అక్క.

"లే అక్కా," అన్నాడు ఓదేలు, తల దించుకుని.

"లెవ్వ."

"పని అక్కా."

"నీ బావది గూడ పనే. ఏమాయె? ఒక్కణ్ని మింగింది. నిన్ను గూడ దీనికి పెట్టాల్నా?"

కాంట్రాక్టరు గొంతు పెంచాడు. "ఏమ్మా, గవర్నమెంటు పనికి అడ్డమా? పోలీసులను పిలువాల్నా?"

"పిలువు. వాళ్లను గూడ దించు, చూద్దాం."

నా భయం నాకుంది. ఆమె కూర్చున్నది నా మీద. పొద్దుటి నీళ్లు నా కింద నిలిచి ఉన్నాయి. రెండో లైను ఇంకా రాలేదు. వస్తే? నాకు రెండు కన్నాలున్నాయి, మూసుకోలేను. లే తల్లీ అని చెప్పలేను. ఆమె లేస్తే తమ్ముడు దిగుతాడు, లేవకపోతే ఆమె పీలుస్తుంది. ఇనుముకు ఇంతకన్నా నరకం ఉండదు.

అంతలో కేదారి పరుగెత్తుకొచ్చాడు. నుదుట కుంకుమ, చేతిలో సగం కొట్టిన కొబ్బరికాయ.

"ఏందమ్మా ఇది? లేస్తవా లేవవా? నీళ్లన్నీ నా షెడ్లకే వాపసొస్తున్నయి! దేవుని పటాల కాడికొచ్చినయి!"

వెనకే సత్తిరెడ్డి. "నాది గూడ గంతే. ఇప్పుడే ప్లగ్గు పీకిన, కొంచెం పోయి ఆగింది. జల్ది లైను తీయించున్రి మేడమ్!"

ప్రసూన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇయాళ మీకు బంద్ కదా. నీళ్లెక్కడివి?"

"బందే మేడమ్," అన్నాడు కేదారి, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "బంద్ గనకనే తొట్లు కడుగుడు. అమావాస్యకే గద కడిగేది. పేటల అందరం గంతే."

"ఆ నీళ్లు ఎక్కడికి వదుల్తారు?"

"ఇంకేడికి? లైన్లకే. కొంచెమే మేడమ్."

"మీ తొట్టిలో ఏముంటుంది?"

"సైనైడుది. నీళ్లు కలిసినంక ఏముంటది, కొంచెమే."

ఆమె సత్తిరెడ్డి వైపు తిరిగింది. "మీది?"

"ఆసిడ్. మాది గూడ కొంచెమే."

ఇద్దరూ ఒక్కసారే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏండ్లుగా ఎదురెదురు షెడ్లు. పండగకు మిఠాయి పంచుకునే మనుషులు. ఒకడు ఏం పారబోస్తాడో ఇంకొకడు ఆనాటిదాకా అడగలేదు. కేదారి చేతిలో కొబ్బరికాయ జారి కింద పడింది.

ప్రసూన చూపు నా మీద పడింది. అమావాస్య రోజును ఎంచింది ఆమే. పేటంతా విషం వదిలే ఒకే ఒక్క రోజును, మనిషిని దించడానికి మంచి రోజని ఎంచింది.

అప్పుడే ఆ గాలి నా కన్నాల్లోంచి పైకి వచ్చింది. సన్నగా. అనసూర్య తల తిప్పింది.

"ఓదేలూ. ఏదో చేదు బాదం లెక్క వాసనొస్తుంది. మీ బావ చెప్పింది గిదేనా?"

ఓదేలు ఒక అడుగు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. అవునని తల ఊపాడు.

"అక్కా, లేవండి!" ప్రసూన అరిచింది. "లేచి ఇటు రండి! అందరూ దూరం జరగండి!"

"లేస్తే వీణ్ని దింపుతరు."

"దింపను. నేను చెప్తున్నా కదా!"

"నీ మాటతోటే నా మొగుడు దిగిండు." ఊపిరి అందక దగ్గింది, కానీ కదల్లేదు. "వాణ్ని నీ జీపుల కూసోబెట్టు. తాళం వెయ్యి. తాళంచెవి నా చేతిల పెట్టు. గప్పుడు లేస్త."

అందరూ చూస్తుండగా ప్రసూన ఓదేలును భుజం పట్టుకుని జీపు దాకా లాక్కెళ్లి, లోపలికి తోసి, తాళం వేసి, పరుగున వచ్చి ఆ చెవిని అనసూర్య దోసిట్లో పెట్టి, అదే ఊపున రెక్క పట్టి లేపింది. ఇద్దరూ టీ కొట్టు దాకా వెళ్లి కూలబడ్డారు. అనసూర్య చాలాసేపు దగ్గింది. బతికింది. ఆ దగ్గు వింటూ నేను పడ్డ సంతోషం ఎవరికి చెప్పను!

జీపులో విషవాయువు చూసే డబ్బా ఒకటి ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కొన్నప్పటినుంచి అలాగే మోస్తున్నారు. మాస్కులు వేసుకున్నవాళ్లు వచ్చి, నన్ను కొక్కేలతో దూరంనుంచి లాగి, ఆ డబ్బాను తాడుతో దించారు. సగం దిగకముందే అది కీచుమని మోగింది, ఆగకుండా మోగింది. మైసయ్య వెలిగించిన కాగితం చెప్పలేనిది అది చెప్పింది. తాడుకు క్యాను కట్టి నీళ్లు తోడారు. ఎవరి గేటు దగ్గరో కాదు, నా కడుపులోంచి. పనిరోజు కాదు, అమావాస్య నాడు. ఆ నీళ్లు పాస్ కాలేదు. పాస్ అనే మాట దరిదాపుల్లో కూడా లేవు.

ఇప్పుడు మోతీగల్లీలో పద్ధతి మారింది. తొట్టి ఎప్పుడు ఖాళీ చేస్తారో ముందే చెప్పాలి, విషం తీశాకే వదలాలి, శాంపిల్ లైన్లు కలిసే చోట పట్టాలి, చెప్పకుండా పట్టాలి. కేదారి, సత్తిరెడ్డి ఇంకా గొణుగుతూనే ఉన్నారు, మావి చిన్న యూనిట్లే కదా అని. పక్క పేటల్లో పాత పద్ధతే. అక్కడా అమావాస్యలు వస్తాయి. అక్కడా మూతలున్నాయి. నాకు అదే దిగులు.

నన్ను మార్చేశారు. కొత్త మూత వచ్చింది, దాని నెత్తి మీదా పెద్ద అక్షరాలున్నాయి. నేను పాత ఇనుప సామాన్ల కొట్టు చేరాను, విరిగిన గేట్ల పక్కన. మొన్న కొట్టు ఆయన నన్ను మళ్లీ కరిగించేందుకు పంపుదామని తిరగేశాడు. తిరగేసి అలాగే నిలబడిపోయాడు. పైన నిగనిగలాడే ఇనుము, అడుగున చెదలు తిన్న చెక్కలా పొరలు పొరలుగా రాలుతోంది. వేలు పెడితే వేలు దిగింది.

"అరే, కింద ఏం మిగల్లేదు గదా," అన్నాడు. "ఇన్నేండ్లు దీన్ని ఎవ్వరు తిప్పి చూడలేదా?"

ఎత్తినప్పుడల్లా చూసింది ఒక్కడే. నన్ను ముసలోడా అని పిలిచినవాడు.