వాచిన ఒక్క కాలు

పదకొండు దాటింది. కుట్టు షెడ్డులో, చొక్కా చేతులు కుట్టే వరసలో పెద్దకోడలి మిషను ముందు బట్టల గుట్ట పేరుకుపోయింది. ఊరంతా పాకిన వైరస్ జ్వరం తగ్గి ఆమె పనిలోకి వచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. వాచిన ఎడమకాలు పక్క స్టూలు మీద చాపి ఉంది. పిక్కకు బిగించిన గుడ్డపేలిక విప్పి, కాలర్లు కుట్టే ముసలామె కింద కూర్చుని పిసుకుతోంది.

ఆ షెడ్డులో కాలునొప్పికి అదే వైద్యం. కత్తిరింపుల్లో మిగిలిన అంచుగుడ్డను గట్టిగా బిగించి కట్టడం, వీలు చిక్కినప్పుడు ఒకరి కాళ్లు ఒకరు పిసకడం. రోజుకు పది గంటలు మిషను తొక్కే ఆడవాళ్లు ఏళ్లకేళ్లు ఆ పేలికతోనే నెట్టుకొస్తున్నారు.

గేటు దగ్గర ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకుని, రొప్పుతూ లోపలికి వచ్చిన చిన్నకోడలు తోడికోడలి కాలు చూసి కేక పెట్టింది.

"అవ్వా, చెయ్యి తియ్యి! ముట్టుకోకు!"

ముసలామె ఉలిక్కిపడింది. "ఏమయిందే? నిన్న నువ్వు పిసికితే లేనిది ఇవాళ నేను పిసికితే తప్పయిందా?"

ఆ మాట సూటిగా తగిలింది. నిన్న అన్నాల వేళ అరగంటసేపు పిసికింది తనే. "నీ చేతిలో ఏదో ఉందే" అని అక్క మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా.

ఇవాళ పొద్దున్నే అక్కకు షుగరు మాత్రలు తేవడానికి ఆరోగ్యకేంద్రానికి వెళ్లింది. మాటల్లో మాటగా కాలి సంగతి చెబితే నర్సు రాస్తున్న కలం ఆపేసింది.

"రెండు కాళ్లూ వాచాయా, ఒక్కటేనా?"

"ఒక్కటేనమ్మా."

షుగరున్నవాళ్లకు రక్తం గడ్డకట్టే భయం మామూలుగానే ఎక్కువ, ఈ వైరస్ జ్వరం తోడైతే ఇంకా ఎక్కువ అంది నర్సు. కాల్లో కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుందట. "పిసక్కండి, బిగించి కట్టకండి. సాయంత్రం దాకా ఆగొద్దు, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి."

అప్పటినుంచీ చిన్నకోడలు తన వేళ్లకేసే చూసుకుంటోంది. నిన్న అవి దేన్ని కదిపాయో.

"లే అక్కా, ఆసుపత్రికి పోదాం."

"జ్వరానికే పన్నెండు రోజులు మానానే. మానిన ఒక్కో రోజుకి రెండు రోజుల కూలి కోసేశారు. ఇవాళ కూడా పోతే పేరే కొట్టేస్తారు. సాయంత్రం చూద్దాంలే, కాలు ఎక్కడికీ పారిపోదుగా" అని నవ్వబోయి, నవ్వు సగంలో ఆగిపోయి, ఊపిరికోసం నోరు తెరిచింది.

చిన్నకోడలు ఇక అక్కడ నిలబడలేకపోయింది. సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తింది. ఎవరితో మాట్లాడినా మొహం బదులు చేతి వాచీ చూస్తాడని ఆయనకు గడియారం అని పేరు.

"సార్, మా అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాల్లో నెత్తురు గడ్డకట్టిందేమోనంట."

"అయిదింటికి సరుకు లారీ బయల్దేరుతుంది. తర్వాత ఎక్కడికైనా తీసుకెళ్లు."

"అంతసేపు ఆగకూడదు సార్."

"జ్వరమొచ్చి లేచినవాళ్లు ఇక్కడ ముప్ఫైమంది ఉన్నారు. ఒక్కదాన్ని పంపితే రేపు ముప్ఫైమందీ కుంటుతారు."

"ఆ ముప్ఫైమందిలో షుగరున్నవాళ్లెందరో ఎప్పుడైనా అడిగారా సార్?"

గడియారం మొదటిసారి వాచీ మీంచి చూపు ఎత్తాడు. "వెళ్లి కూర్చో. లేదంటే ఇద్దరి పేర్లూ తీసేస్తా."

ఆమె కదిలింది. మిషను దగ్గరికి కాదు, ఆయన బల్ల దగ్గరికి. షెడ్డు మొత్తానికి చక్రాలున్న కుర్చీ అదొక్కటే. వరసల మధ్యగా దాన్ని గడగడా లాక్కొచ్చింది.

"ఒసేయ్, మతి పోయిందా? అది ఆయన కుర్చీ!" అంది పెద్దకోడలు.

"తెలుసులే. కూర్చో."

ముసలామె ఒక వైపు చంక కింద చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి కూర్చోబెట్టారు. వెనకనుంచి గడియారం అరుస్తున్నాడు. చిన్నకోడలు కుర్చీని గేటువైపు తోసింది. ఆమె దాటిన వరసలో ఒక మిషను ఆగింది. తర్వాత దాని పక్కది.

గేటు దగ్గర కాపలా ముసలాయన లేచి నిలబడ్డాడు. తాళంచెవి ఆయన గుప్పిట్లో ఉంది. చూపు లోపల అరుస్తున్న మనిషి మీదికి పోయి, కుర్చీలో ఆయాసపడుతున్న మనిషి మీదికి వచ్చింది.

"తియ్యి బాబాయ్" అంది చిన్నకోడలు.